బడి వదిలాక మూడు గంటలు: పాపను ఎవరికి అప్పగించాలి?

హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ కోర్సు కావాలన్నా దొరుకుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడ ఖాళీ లేకుండా బోర్డులే. కానీ ఆరేళ్ల పాపను ఓ నెలపాటు బడి వదిలిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా చూసుకునేవాళ్లు కావాలంటే ఎవరిని అడగాలో తెలియదు. నానమ్మ ఊరెళ్లిందనో, అమ్మకు షిఫ్టు మారిందనో, ఆయా చెప్పాపెట్టకుండా మానేసిందనో వచ్చిపడే అవసరం ఇది. కొద్దిరోజులకే కదా అనుకుని, ఖాళీ ఉందన్న చోట చేర్చేస్తారు. ఆ కొద్దిరోజుల ఏర్పాటుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎందుకంటే అక్కడ పాపకు ఎవరూ తెలియదు, పాప సంగతి అక్కడివారికీ తెలియదు.

ముందు లెక్క

ఈ తలనొప్పి మార్చిలో అందరికీ ఒకేసారి వస్తుంది. తెలంగాణలో 2024లోనూ 2025లోనూ ఒంటిపూట బడులు మార్చి 15నే మొదలయ్యాయి. ఉదయం ఎనిమిదికి బడి, పన్నెండున్నరకు ఇంటికి. తర్వాత ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. మామూలు రోజుల్లో మూడు గంటలు గడిస్తే చాలు. ఒంటిపూట రోజుల్లో ఆరు గంటలు కావాలి, సెలవుల్లో రోజంతా కావాలి.

అందుకే ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్ని గంటలు, శనివారం కావాలా, మధ్యాహ్నం భోజనం ఎక్కడ. ఇవి చెప్పకపోతే డే కేర్ వాళ్లు తమ నెలవారీ ప్యాకేజీ అప్పజెప్పి ఊరుకుంటారు.

ఆరేళ్ల గీత

ప్రభుత్వం తరఫున ఏమీ లేదా అని అడుగుతారు. ఉంది, కానీ ఆరేళ్ల దగ్గర ఆగిపోతుంది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద నడిచే అంగన్‌వాడీలు ఆరేళ్ల లోపు పిల్లలకే. కేంద్రం ‘పాల్నా’ పేరుతో నడిపే క్రెష్‌లు ఆరు నెలల నుంచి ఆరేళ్ల వయసు వారికి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చేర్చారు. మరుసటి ఏడు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో వయసు మళ్లీ అదే. మీ పాప యూకేజీలో ఉంటే ముందు మీ ఆఫీసు హెచ్‌ఆర్‌ను అడగండి. ఒకటో తరగతిలోకి వచ్చిందంటే మాత్రం ఈ పథకాల్లో ఏదీ ఆమె కోసం కాదు.

పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. పంజగుట్టలో మెట్రో ఎక్కితే అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. పాట, నాట్యం, బొమ్మలు వేయడం నేర్పుతారు. వేసవిలో జీహెచ్‌ఎంసీ ఆటల శిబిరాలు పెడుతుంది, అవి పొద్దున్నే అయిపోతాయి. రెండూ పిల్లలకు మంచివే. కానీ మీరు వచ్చేదాకా పాపను కనిపెట్టుకుని ఉండడం వాళ్ల పని కాదు.

మిగిలిన మూడు దారులు

ఒకటి, ప్లే స్కూల్లోనే నడిచే డే కేర్. మెయిన్ రోడ్డు మీద కన్నా మధురానగర్, ఎస్సార్ నగర్, ఎల్లారెడ్డిగూడ, ద్వారకాపురి కాలనీల లోపలి వీధుల్లో వెతకాలి. రెండు మూడేళ్ల పిల్లలకు అమర్చిన గదుల్లో ఆరేడేళ్ల పిల్లకు తోచదు. ‘సాయంత్రం నాలుగింటికి మా పాప వయసు వాళ్లు ఎంతమంది ఉంటారు?’ అని అడిగితే సంగతి తేలిపోతుంది.

రెండు, ట్యూషన్ చెప్పే ఆవిడ. హోంవర్కు అయిపోతుంది, ఖర్చు తక్కువ. అయితే ఆమె పదిమందికి లెక్కలు చెబుతున్నప్పుడు బాత్రూముకు వెళ్లిన పిల్లను ఎవరు చూస్తున్నారు? మరో మనిషి ఉండాల్సిందే.

మూడు, ఇంటికొచ్చే ఆయా. పాప తన ఇంట్లోనే ఉంటుంది, కానీ ఒక్క కొత్త మనిషితో ఒంటరిగా ఉంటుంది. ఆధార్ జిరాక్స్ తీసుకుంటే సరిపోదు. ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్లతో మాట్లాడాలి. ఇంట్లో పనిచేసేవారి వివరాలు నమోదు చేసుకోవడానికి పోలీసుల ‘హాక్ ఐ’ యాప్‌లో వీలు పెట్టారు.

చేతులు మారే చోట

ఏ దారి పట్టినా అసలు ప్రశ్న ఒకటే. బడి గేటు దగ్గర పాప చెయ్యి ఎవరు పట్టుకుంటారు? అక్కడి నుంచి ఎవరికి అప్పగిస్తారు? బడి నుంచి ఆటో, ఆటో నుంచి డే కేర్, డే కేర్ నుంచి మీరు: ఇలా చేతులు మారిన ప్రతిచోటా ‘వాళ్లు తీసుకెళ్లారనుకున్నాం’ అనే మాటకు చోటుంటుంది. అందుకే డే కేర్ ఇంటికి దగ్గరగా కన్నా బడికి దగ్గరగా, నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం మేలు. మధ్యలో ఆటో ఒకటి తగ్గుతుంది. మియాపూర్–ఎల్బీనగర్, నాగోలు–రాయదుర్గం లైన్లు రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి కాబట్టి ఆఫీసు ఎటున్నా సాయంత్రం మీరు అక్కడ దిగి పాపను తీసుకోవచ్చు.

2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఓ బడిలో ఎల్‌కేజీ పాపపై లైంగిక దాడి బయటపడింది. దోషి టీచరు కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. మరుసటి ఏడు కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. కాబట్టి చూసుకునే ఆవిడ మంచిదేనా అన్నది ఒక్కటే సరిపోదు. వాచ్‌మన్, వంటమనిషి, ఆవిడ ఇంటికి వచ్చిపోయే బంధువులు, పాపతో ఒంటరిగా ఉండే వీలున్న ప్రతి మనిషీ లెక్కలోకి రావాలి. అనుమానం వస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

చేర్చేముందు సాయంత్రం అయిదున్నరకు చెప్పకుండా వెళ్లండి. సంపు మూత బిగించి ఉందా, టెర్రస్ తలుపుకు తాళం ఉందా, బాత్రూము గడియ లోపల పడిపోతే బయటి నుంచి తీయొచ్చా చూడండి. తీసుకెళ్లడానికి వచ్చే ఇద్దరి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు, పాపకు పడని తిండి, మందులు ఒక కాగితం మీద రాసి, ఒక ప్రతి బడికీ ఒకటి డే కేర్‌కూ ఇవ్వండి. ఆ ఇద్దరూ కాక వేరెవరు వచ్చినా మీకు ఫోన్ చేయకుండా పంపకూడదని గట్టిగా చెప్పండి. మొదటిరోజు గంటసేపే ఉంచండి. రాత్రి అన్నం పెడుతూ ‘అక్కడ బాగుందా’ అని అడిగితే ఊ అంటుంది. ‘నీ పక్కన ఎవరు కూర్చున్నారు, నీళ్లు ఎవరిచ్చారు’ అని అడిగితే చెబుతుంది.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోవాలి. అడ్మిషన్ ఫీజు నెలరోజులకూ పూర్తిగా కట్టాలా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, ఆలస్యమైతే అరగంటకు ఎంత? వాన పడిన సాయంత్రం పంజగుట్ట దాటడం ఎలా ఉంటుందో తెలిసినవారెవరూ ఈ చివరి ప్రశ్న మరిచిపోరు. రసీదు తీసుకోండి.

చేతులు మారనే మారని ఏర్పాటు అన్నిటికన్నా భద్రం. అంటే పాప తన బడిలోనే, తనకు తెలిసిన ఆయమ్మ దగ్గరే ఆరున్నర దాకా ఉండడం. బడి వదిలాక ఆ గదులు ఎలాగూ ఖాళీయే. ఫీజు కడతామంటూ పదిమంది తల్లిదండ్రులు కలిసి అడిగితే యాజమాన్యం కాదనడానికి పెద్ద కారణం ఉండదు. ఒంటిపూట బడులు మొదలుకాకముందే, ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి కాసేపు పక్కనపెట్టి ఈ మాట అడగండి.