గిటార్ పక్క సీటు ఫజ్‌దే

న్యూ సౌత్ వేల్స్‌లో మామూలు రోజుల్లో రాత్రి 10 నుంచి పొద్దున 8 దాకా, శుక్ర శనివారాల్లోనూ సెలవుకి ముందురోజూ అర్ధరాత్రి నుంచి పొద్దున 8 దాకా, మన వాద్యం చప్పుడు పక్కింటి గదుల్లోకి వినపడకూడదు. అది చట్టం. సిడ్నీలోని హారిస్ పార్క్ యూనిట్లలో మన గోడ, పక్కవాళ్ల గోడ అని రెండు ఉండవు, ఉన్నది ఒకటే గోడ. అందుకని ఇక్కడ రాత్రిపూట ఎలక్ట్రిక్ గిటార్ వాయించాలంటే ఆంప్లిఫయర్‌ని మూలన పెట్టాలి. గిటార్‌ని పెడళ్ల గుండా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, అక్కణ్నుంచి హెడ్‌ఫోన్లలోకి పంపుకోవాలి. ఈ ఏర్పాటులో మిగతా పెడళ్లన్నీ బుద్ధిగానే ఉంటాయి. పేచీ పెట్టేది స్వరాన్ని బొంగురుగా మార్చే ఫజ్ ఒక్కటే. వీడియోలో అంత నిండుగా మోగిన పెడల్, తెచ్చుకుని తగిలిస్తే డబ్బాలో పడ్డ కందిరీగలా జుయ్‌మంటుంది. పెడల్ బాగోలేదని అమ్మేసేముందు అది వరసలో ఎక్కడుందో ఒకసారి చూడాలి.

ఫజ్ పుట్టిందే ఒక పాడైన పరికరంలోంచి. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ'లో గ్రేడీ మార్టిన్ వాయించిన బిట్ ఒకటుంది. నాష్‌విల్ స్టూడియోలో కన్సోల్ చానల్ ఒకటి చెడిపోయి ఉండటంతో అది బొంగురుగా రికార్డయింది. తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. ఆ బొంగురునే ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే పెట్టెను ఇంజనీరు గ్లెన్ స్నాడీ తయారుచేస్తే, 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మేస్ట్రో ఫజ్‌టోన్‌గా అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫాక్షన్' వచ్చాక గానీ అదేమిటో లోకానికి తెలియలేదు. మరుసటేడు లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ గుండ్రటి లోహపు పెట్టెలో ఫజ్ ఫేస్ తెచ్చింది. జిమీ హెండ్రిక్స్ కాలికింద ఉన్నది అదే.

ఫజ్ ఫేస్ లోపల రెండే ట్రాన్సిస్టర్లు, వాటి చుట్టూ గుప్పెడు విడిభాగాలు. తీగ నుంచి వచ్చిన అలను విపరీతంగా పెంచి, పైనా కిందా కోసేస్తుంది. నున్నటి అల చదునైన పలకలా మారుతుంది. దాంతో అసలు స్వరంలో లేని పైస్థాయి ధ్వనులు బోలెడు పుట్టుకొస్తాయి. ఇంతవరకూ డిస్టార్షన్ పెడళ్లన్నీ చేసేదిదే. ఫజ్ ఫేస్ లాంటి పాత సర్క్యూట్ల ప్రత్యేకత అవి సిగ్నల్‌ని పుచ్చుకునే తీరులో ఉంది.

మామూలు గిటార్ ఆంప్లిఫయర్ తన ద్వారం దగ్గర దాదాపు పది లక్షల ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. అంటే గిటార్ నుంచి దాదాపు ఏమీ లాక్కోదు, వోల్టేజీని చూసి ఊరుకుంటుంది. ఫజ్ ఫేస్ చూపించేది కొన్ని వేల ఓమ్‌లు మాత్రమే. గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. అంత పెద్ద కాయిల్‌ని అంత తక్కువ నిరోధానికి కలిపితే కరెంటు కాయిల్ గుండా గట్టిగా పారాల్సి వస్తుంది. స్వరం ఎంత పైదైతే కాయిల్ దాన్ని అంత అడ్డుకుంటుంది. అలా కీచుదనం పికప్‌లోనే అణిగిపోయి, ఫజ్‌కి గుండ్రటి అల అందుతుంది. మనం ఇష్టపడే ఆ నిండుదనంలో సగం పెడల్‌ది, సగం గిటార్‌ది. తీగల దగ్గర మొదలై ట్రాన్సిస్టర్ దగ్గర ముగిసే ఒకే సర్క్యూట్ అనుకుంటేనే దాని ప్రవర్తన అర్థమవుతుంది.

ఆ రెంటి మధ్య బఫర్ పెడితే బంధం తెగిపోతుంది. బఫర్ అంటే పొడుగాటి కేబుల్లో సిగ్నల్ మసకబారకుండా కాపాడే చిన్న సర్క్యూట్. బాస్ కంపెనీ పెడళ్లలో చాలావాటికి అది లోపలే ఉంటుంది, కాలితో ఆపేసినా పనిచేస్తూనే ఉంటుంది. శ్రుతి చూసుకునే ట్యూనర్ పెడల్‌ని చాలామంది వరసలో మొదట పెడతారు. అది బఫర్ ఉన్న ట్యూనర్ అయితే ఫజ్‌కి పికప్ కనపడదు, బఫర్ కనపడుతుంది. కీచుదనం ఏమాత్రం తగ్గకుండా లోపలికొస్తుంది, కందిరీగ మొదలవుతుంది. కాబట్టి గిటార్, వెంటనే ఫజ్, ఆ తర్వాతే ట్యూనర్. లేదా, ఆపేస్తే సిగ్నల్‌ని తీగలా నేరుగా వదిలేసే ట్రూ బైపాస్ ట్యూనర్ కొనుక్కోవాలి.

ఉగాది వేడుకల్లో వేదికమీద తిరుగుతూ వాయించేవాళ్లకి వైర్‌లెస్‌తోనూ ఇదే చిక్కు. రిసీవర్ నుంచి బయటికొచ్చేది బఫర్ చేసిన సిగ్నలే. వైర్‌లెస్ కూడా వరసలో ఒక పెడల్ కిందే లెక్క అనడానికి సిడ్నీలోనే సాక్ష్యముంది. హారిస్ పార్క్‌కి దక్షిణాన అప్పట్లో ఉన్న విలవుడ్ వలస శిబిరంలో కలుసుకున్న కుర్రాళ్లు 1964లో ఈజీబీట్స్ బ్యాండ్ పెట్టారు. వాళ్లలో ఒకడైన జార్జ్ యంగ్‌కి తమ్ముడు ఆంగస్, తర్వాత ఏసీ/డీసీ గిటారిస్టు అయ్యాడు. పెడళ్లు వాడడని పేరున్న ఆంగస్ స్వరంలో, సిగ్నల్‌ని కాస్త ఉబ్బించే ఆనాటి షాఫర్ వైర్‌లెస్ యంత్రానికీ వాటా ఉంది.

బఫర్ అడ్డం వస్తే పోయే అసలు ఆస్తి వేరే ఉంది. అది గిటార్ మీది వాల్యూమ్ నాబ్. ఫజ్ నేరుగా గిటార్‌కి తగిలి ఉన్నప్పుడు నాబ్‌ని 10 నుంచి 7కి తిప్పండి. పికప్‌కీ ఫజ్‌కీ మధ్య నిరోధం చేరి, బొంగురు కరిగిపోయి దాదాపు శుభ్రమైన స్వరం వస్తుంది. మళ్లీ 10కి తెస్తే గర్జన. పెడల్ ఆపనక్కర్లేదు. బఫర్ ఉంటే ఈ మార్పు ఇంత తేలిగ్గా, ఇంత తియ్యగా జరగదు.

మన సంగీతం వాయించేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయమని నా అభిప్రాయం. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్‌కి జంట తీగలు తీసి ఒంటి తీగలు పెట్టి, విద్యుత్తు తోడుచేసి గమకం పలికించాడు. ఆయనది శుభ్రమైన స్వరం, ఫజ్ దానికి ఎదురు కొస. కానీ మీటిన స్వరం ఆరిపోకముందే గమకం ముగించాలన్న తొందర మాండలిన్‌కీ గిటార్‌కీ ఒకటే. ఫజ్ పెద్ద ధ్వనినీ చిన్న ధ్వనినీ ఒకే ఎత్తుకి కోస్తుంది కాబట్టి స్వరం చాలాసేపు ఆరదు. తీగ లాగి గమకం తీరిగ్గా పూర్తి చెయ్యొచ్చు. ఆలాపనకి నాబ్ 6 మీద, పై షడ్జమం అందుకునేటప్పుడు 10 మీద. అయితే ఇదంతా ఫజ్ గిటార్ పక్కనే ఉంటేనే.

రెండు స్వరాలు కలిపి మీటితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఫజ్ రెంటినీ కలిపి కోసేటప్పుడు వాటి తేడా కూడా స్వరంగా మోగుతుంది. సా 200 హెర్ట్జ్, పా 300 అనుకోండి. తేడా 100, అంటే మంద్ర షడ్జమం. అడగకుండానే ఆధారం దొరికింది, రాక్ గిటారిస్టులు ఫజ్ మీద సా-పా జంటనే పట్టుకు వేలాడటానికి కారణమిదే. ఇప్పుడు సా, అంతర గాంధారం కలపండి. శుద్ధంగా పలికితే 250, తేడా 50, అదీ షడ్జమమే. కానీ మెట్లున్న గిటార్ మీద ఆ గాంధారం దాదాపు 252కి కట్టి ఉంటుంది. తేడా 52 అయి, అపశ్రుతి కింది నుంచి గురగురలాడుతుంది. శ్రుతిపెట్టె ధ్వనిని కూడా ఇదే లైన్లోకి కలిపేస్తే ఇక చెప్పక్కర్లేదు. దానికి విడి చానల్ ఇవ్వాలి.

గిటార్ పక్కనే ఉండాలన్న నియమం అన్ని ఫజ్‌లకీ వర్తించదు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ బిగ్ మఫ్‌లో నాలుగు ట్రాన్సిస్టర్ దశలున్నాయి, దాని ద్వారం అంత ఆకలిగా ఉండదు. బఫర్ ముందున్నా వెనకున్నా పెద్దగా పట్టించుకోదు. కాలితో ఊపుతూ స్వరాన్ని 'వా' అనిపించే వా పెడల్ సంగతి రుచిని బట్టి. హెండ్రిక్స్ వా పెడల్‌ని ఫజ్‌కి ముందే పెట్టాడు. కొన్ని వా పెడళ్లు మాత్రం ఫజ్ ఫేస్ లాగుడికి తట్టుకోలేక ఈలలేస్తాయి. వెనక్కి పెడితే ఊపు మరీ నాటకీయంగా వినిపిస్తుంది.

డిలే, రివర్బ్ చివర్న ఉండాలన్నది ఆనవాయితీ. అలా ఉంటే ఫజ్ చేసిన స్వరానికి ప్రతిధ్వనులు విడివిడిగా వినిపిస్తాయి. పెర్త్‌కి చెందిన టేమ్ ఇంపాలా కెవిన్ పార్కర్ ఆ వరస తిరగేశాడు. ప్రతిధ్వనులన్నీ ఫజ్‌లోకి పోయి ఒకే ముద్దగా ఉబ్బుతాయి. రాగం స్పష్టంగా వినపడాలంటే ఇది పనికిరాదు, మబ్బులాంటి శబ్దం కావాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

హెడ్‌ఫోన్ల దగ్గరికొస్తే, గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనులను దాదాపు మింగేస్తుంది. ఇంటర్‌ఫేస్ ఆ పని చెయ్యదు. వరస చివర్న స్పీకర్ కేబినెట్‌ని అనుకరించే సాఫ్ట్‌వేరో పెడలో లేకపోతే ఫజ్‌ని ఎక్కడ పెట్టినా కీచే.

పాత పద్ధతి జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ కొనేవాళ్లకి మరో రెండు జాగ్రత్తలు. వాటిలో చాలావాటికి బ్యాటరీ ధన ధ్రువం గ్రౌండుకి కలిపి ఉంటుంది. మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్ తీగకి గుచ్చితే షార్టవుతుంది, విడి 9 వోల్టుల బ్యాటరీ వెయ్యడం మేలు. రెండోది ఎండ. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ జర్మేనియంలో లీకయ్యే కరెంటు రమారమి రెట్టింపవుతుంది, స్వరం ముక్కలై తుంపర్లుగా వస్తుంది. హారిస్ పార్క్ మీదుగా వెళ్లే రైలు మార్గంలోనే పడమట ఉన్న పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. ఏసీ లేని యూనిట్లో జనవరి సాయంత్రం వాయించాలంటే సిలికాన్ ఫజ్ తీసుకోండి. జర్మేనియందాన్ని జూలైలో బయటికి తియ్యొచ్చు.