స్తంభ శీర్షాలపై హతసాక్షుల దృశ్యాలు

స్తంభం పైన కమానును మోసే రాయిని స్తంభ శీర్షం అంటారు. మధ్యయుగ శిల్పులు తరచుగా దాని నాలుగు ముఖాలపైనా ఒకే కథను చెక్కేవారు. అందుచేత ఒక్క ముఖాన్ని చూసి దృశ్యాన్ని నిర్ణయించరాదు.

నైరుతి ఫ్రాన్స్‌లోని మ్వాసాక్ మఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని ప్రాంగణం మన మండువా లోగిలిలాగే నాలుగు వైపులా వసారాలతో ఉంటుంది. అది 1100లో నిర్మితమైనట్లు అక్కడి శాసనం తెలుపుతోంది. మొత్తం శీర్షాలు 76. వాటిలో రెండింటిపై మంటల మధ్య నిలిచిన ముగ్గురు కనిపిస్తారు. ఒకటి దానియేలు గ్రంథంలోని ముగ్గురు హెబ్రీ యువకుల కథ. వారు అగ్నిగుండం నుంచి కాలకుండా బయటపడ్డారు, కనుక హతసాక్షులు కారు. రెండోది స్పెయిన్‌లోని తరగోనా బిషప్ ఫ్రుక్తువోసుస్, ఆయన ఇద్దరు డీకన్ల కథ. రోమన్ అధికారులు వారిని 259లో సజీవంగా దహనం చేశారు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? చెక్కిన పేర్లు కొంత సాయపడతాయి. అసలు ఆధారం పక్క ముఖంలో ఉంది: అక్కడ దేవదూతలు బాదంగింజ ఆకారపు ప్రభామండలంలో మూడు చిన్న మానవాకృతులను పైకి తీసుకుపోతుంటారు. అవి మృతుల ఆత్మలు. దేహాలు దక్కలేదన్నమాట.

ఈ పోలికను శిల్పి పొరపాటుగా భావించకండి. తరగోనా హతసాక్షుల ప్రాచీన వృత్తాంతమే వారిని ఆ ముగ్గురు యువకులతో పోల్చింది. మంటల్లోనూ వారి ముఖాలు ప్రశాంతంగా ఉండటానికి కారణం శిల్పి అశక్తత కాదు. ఇక్కడ చూపదలచినది బాధను కాదు, ప్రార్థనను.