ఏ గడప తొక్కాలి?

ఏటా తొలకరి వానలు పడిన రెండు మూడు వారాలకు తెలుగు పల్లెల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. అప్పు తెచ్చి విత్తనాలు కొన్న రైతు పొలం గట్టున నిలబడి సాళ్ల వైపు చూస్తూ ఉంటాడు. వాన కురిసింది, నేల పదునుగానే ఉంది, పక్క చేను పచ్చగా మొలిచింది. అతని చేనులో మాత్రం సాలుకు నాలుగు మొక్కలైనా లేవు. ఆ సాయంత్రం రచ్చబండ దగ్గర అతనికి సలహాలకు కొదవ ఉండదు. దుకాణదారును నిలదీయమని ఒకరు, వ్యవసాయాధికారికి అర్జీ పెట్టమని మరొకరు, పోలీసు స్టేషనుకు వెళ్లమని వేరొకరు చెబుతారు. కోర్టుకు ఎక్కమనేవారూ ఉంటారు. వెంటనే ఒక పెద్దాయన అడ్డుపడి, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడన్న సామెత గుర్తు చేస్తాడు.

ఈ సలహాలలో ఏ ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు. అయితే ఒక్కొక్క గడప ఒక్కొక్క ఫలితాన్నే ఇస్తుంది. ఒకచోట తప్పు చేసినవారికి శిక్ష పడుతుంది, ఒకచోట నష్టపోయినవారికి సొమ్ము దక్కుతుంది, ఒకచోట రాజీ కుదురుతుంది, మరొకచోట కాగితం మాత్రమే చేతికి వస్తుంది. తనకు కావలసినది ఏదో తేల్చుకోకుండా బయలుదేరినవాడు సరైన ఫిర్యాదునే తప్పు చోట ఇచ్చి వట్టి చేతులతో తిరిగి వస్తాడు.

రైతుకు మొదట తట్టేది వ్యవసాయ కార్యాలయమే. విత్తనాల నాణ్యతను అదుపు చేయడానికి 1966లో పార్లమెంటు విత్తన చట్టం చేసింది. విత్తనానికి కనీస మొలక శాతం నిర్ణయించారు. ధ్రువీకరించిన వరి విత్తనానికి అది నూటికి 80, వేరుశనగకు 70. సంచికి కట్టిన చీటీ మీద లాట్ నంబరు, పరీక్షించిన తేదీ, గడువు ఉండాలి. ధ్రువీకరించిన విత్తనమైతే ఆ చీటీ నీలి రంగులో ఉంటుంది. విత్తన తనిఖీ అధికారి దుకాణంలో నమూనా తీసి పరీక్షకు పంపవచ్చు, తప్పు తేలితే కేసు పెట్టవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఆ చట్టం మొదటి నేరానికి పెట్టిన జరిమానా 500 రూపాయలకు మించదు. ఆ జరిమానా కూడా ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది. ఎండిన చేనుకు పరిహారం ఇప్పించే మాట ఆ చట్టంలో లేదు. వ్యాపారిని శిక్షించాలనుకునేవారికి అది తగిన దారి. అప్పు తీర్చుకోవలసిన వారికి ఆ దారి చాలదు.

నష్టపరిహారం కోరే రైతు వెళ్లవలసిన చోటు వినియోగదారుల కమిషన్. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వీటిని ఫోరంలనే పేరుతో నెలకొల్పింది. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం వీటిని కమిషన్లు అంటున్నది. రైతు వినియోగదారుడేనా అన్న సందేహం చాలాకాలం నడిచింది. ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. విత్తనాలకు ప్రత్యేక చట్టం ఉన్నందున రైతులు వినియోగదారుల ఫోరానికి రాకూడదని సంస్థ వాదించింది. లాభం కోసం పంట పండించేవారు వినియోగదారులు కారని, విత్తనాన్ని ప్రయోగశాలకు పంపకుండా నాసిరకమని తేల్చరాదని కూడా వాదించింది. 2012 జనవరిలో న్యాయస్థానం ఈ వాదాలను తోసిపుచ్చింది. విత్తన చట్టంలో రైతుకు పరిహారం లేదు కనుక అది అడ్డు కాదని చెప్పింది. బతుకుతెరువు కోసం సేద్యం చేసేవాడు వినియోగదారుడేనని కూడా ప్రకటించింది. అన్నిటికంటె గమనించదగిన మాట పరీక్ష గురించి చెప్పినది. కొన్న విత్తనమంతా చేనులో చల్లే రైతు రేపు వివాదం వస్తుందని ఊహించి గుప్పెడు గింజలు దాచి ఉంచుతాడని ఎదురుచూడడం న్యాయం కాదన్నది. సేద్యం ఎలా జరుగుతుందో తెలిసి పలికిన మాట అది.

ఈ కమిషన్‌లో ఖర్చు తక్కువ. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కొన్న ధర, కోరే పరిహారం కాదు. అందువల్ల ఆరు వేల రూపాయల విత్తనం కొని రెండు లక్షల పంట కోల్పోయిన రైతు పైసా రుసుము లేకుండా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, తానే వాదించుకోవచ్చు. కంపెనీ ఏ దూర నగరంలో ఉన్నా, కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు. ఒకే లాట్ విత్తనంతో నష్టపోయిన రైతులు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేయవచ్చు. నష్టం జరిగిన నాటి నుండి రెండేళ్ల లోపు రావాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తీర్పు చెప్పడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఆ గడువు తరచు దాటిపోతున్నది. ఓడిన కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే ముందుగా సగం సొమ్ము జమ చేయాలి. రైతుకు అది కొంత ఊరట.

ఇంత సులువైన దారిలోనూ రైతులు తరచు దెబ్బతినేది సాక్ష్యం దగ్గర. అప్పు మీద విత్తనం ఇచ్చే వ్యాపారి బిల్లు ఇవ్వడు, తెల్ల కాగితం మీద అంకెలు గీసి ఇస్తాడు. అప్పు ఇచ్చినవాడిని బిల్లు అడగడానికి రైతుకు మొగమాటం. ఖాళీ సంచి వానకు తడవకుండా దేనిమీదో కప్పుతారు, చీటీ ఎక్కడో పోతుంది. అన్నిటినీ మించిన చిక్కు అదను. మొలకెత్తని చేనును అలాగే వదిలితే ఆ ఏడు పంటే ఉండదు. వెంటనే దున్ని మళ్లీ విత్తితే మొలవలేదనడానికి ఆనవాలే ఉండదు. కనుక నాగలి కట్టడానికి ముందే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఆ అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోవాలి. అధికారి చేను చూసి రాసే నివేదికకు కమిషన్ ముందు ఎంతో విలువ ఉంటుంది. తేదీతో తీసిన ఛాయాచిత్రాలు, ఇరుగుపొరుగు రైతుల వాంగ్మూలాలు దానికి తోడవుతాయి.

సివిలు కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోలేదు గాని, కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము కట్టాలి, వాయిదాలు సాగుతాయి. భూమి హక్కు వంటి వివాదాలకు ఆ దారి తప్పదు. విత్తన సంచి కోసం అంత దూరం నడవనక్కరలేదు.

వాయిదాలు వద్దనుకునేవారి కోసం ఏర్పడినది లోక్ అదాలత్. ఈ పద్ధతి 1982లో గుజరాత్‌లో మొదలైంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం దీనికి చట్టబద్ధత ఇచ్చింది. 1987లో చేసిన ఆ చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. లోక్ అదాలత్‌లో రుసుము లేదు. అంతకుముందు కోర్టులో కట్టిన రుసుము కూడా రాజీ కుదిరితే తిరిగి వస్తుంది. కుదిరిన ఒప్పందానికి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది.

ఆ బలంలోనే ఒక మెలిక ఉంది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. ఉభయులూ ఒప్పుకుని సంతకం చేశారు గనుక అదే తుది మాట. హైకోర్టులో రిట్ వేసే అవకాశం అతి పరిమితమైన కారణాలకే మిగిలిందని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాస్తవానికి రెండు లక్షలు నష్టపోయినవాడు, కేసు తేలితే చాలునన్న విసుగుతో ఇరవై వేలకు సంతకం చేస్తే మరునాడు పశ్చాత్తాపపడి ఫలితం లేదు. రాజీకి ఒప్పుకోకుండా లేచి రావడానికి మాత్రం ఎవరికైనా పూర్తి స్వేచ్ఛ ఉంది. పెద్దమనుషుల ఒత్తిడికి లొంగే అలవాటు ఉన్న సమాజంలో ఈ స్వేచ్ఛ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

విద్యుత్తు, నీటి సరఫరా, రవాణా, తపాలా, టెలిఫోను, ఆస్పత్రి, బీమా వంటి ప్రజోపయోగ సేవల విషయంలో శాశ్వత లోక్ అదాలత్ అనే మరొక ఏర్పాటు 2002లో వచ్చింది. ఇక్కడ రాజీ కుదరకపోతే పీఠమే తీర్పు చెబుతుంది. విద్యుత్ బిల్లు తప్పుగా వచ్చినవారికి, బీమా సొమ్ము అందనివారికి ఇది పనికి వస్తుంది. విత్తనాల అమ్మకం ఆ జాబితాలో లేదు. మరొక సంగతి, వివాదం ఏ కోర్టుకూ వెళ్లకముందే ఇక్కడికి రావాలి. ఒకసారి ఇక్కడ దరఖాస్తు ఇచ్చిన తరువాత అదే వివాదంతో ఏ పక్షమూ వేరే కోర్టుకు పోరాదు.

వకీలు కావాలనిపించినా స్తోమత లేనివారికి 1976లో రాజ్యాంగంలో చేర్చిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని వాగ్దానం చేసింది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ దానిని అందిస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, పిల్లలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది. సంపన్న కుటుంబపు స్త్రీకి కూడా ఈ హక్కు ఉన్నదని తెలిసినవారు తక్కువ.

ధర చెల్లించి కొన్న వస్తువు, సేవ విషయంలో ఇన్ని దారులున్నాయి. ప్రభుత్వంతో వచ్చే చిక్కు వేరు. విద్యార్థులకు దగ్గరగా ఉండే ఉదాహరణ పరీక్షలది. బీహారులో ఇద్దరు విద్యార్థులకు ఒకే రోల్ నంబరు పడినందువల్ల ఒకరి ఫలితం వెలువడక ఒక ఏడాది చదువు పోయింది. అతని తరఫున వేసిన ఫిర్యాదు వినియోగదారుల ఫోరంలో గెలిచింది. పరీక్షలు నిర్వహించే బోర్డు సేవ అమ్మే సంస్థ కాదని, పరీక్ష రాసేవాడు వినియోగదారుడు కాడని 2009లో సుప్రీంకోర్టు ఆ గెలుపును కొట్టివేసింది. ఆ గడప అలా మూసుకుపోయింది. రెండేళ్లు తిరగకముందే, 2011 ఆగస్టులో, అదే న్యాయస్థానం మరొక గడప తెరిచింది. విద్యార్థి రాసిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కింద సమాచారమేనని, దిద్దిన పత్రాన్ని చూసే హక్కు, నకలు పొందే హక్కు అతనికి ఉన్నదని తీర్పు చెప్పింది. దిద్దినవారి పేరు మాత్రం బయటపెట్టనక్కరలేదన్నది. నకలు చేతికి రావడం వేరు, మార్కులు మారడం వేరు. పునర్మూల్యాంకనం బోర్డు నిబంధనలను అనుసరించే జరుగుతుంది.

2005 అక్టోబరు 12 నుండి అమలులో ఉన్న సమాచార హక్కు చట్టం బలం, పరిమితి ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తాయి. దరఖాస్తుకు కారణం చెప్పనక్కరలేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో రావాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయితే ఈ చట్టం కాగితాన్ని ఇప్పిస్తుంది, సొమ్మును కాదు. అడిగే తీరులో కూడా కొంత నేర్పు కావాలి. "నా ఉపకారవేతనం ఎందుకు ఆపారు? ఇది న్యాయమా?" అని రాస్తే అధికారి సులభంగా తప్పించుకుంటాడు, అభిప్రాయాలు చెప్పవలసిన బాధ్యత అతనికి లేదు. "ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తు మీద ఏ అధికారి ఏ తేదీన ఏమి రాశారో ఆ పుటల నకళ్లు ఇవ్వవలసినది" అని రాస్తే దస్త్రం ఎక్కడ ఆగిందో బయటపడుతుంది. ఆ తరువాత సోమవారం నాడు కలెక్టరు కార్యాలయంలో ఇచ్చే అర్జీలో, "నాకు న్యాయం చేయండి" అన్న వట్టి విన్నపానికి బదులు, దస్త్రం ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుగా ఉన్నదో రాయవచ్చు.

వినియోగదారుల చట్టం ఇచ్చే హక్కు ఇతర చట్టాలకు అదనమే గాని ప్రత్యామ్నాయం కాదు. అందువల్ల పొలం గట్టున నిలబడిన రైతు వ్యవసాయాధికారికి ఇచ్చిన అర్జీ, కమిషన్‌లో వేసే ఫిర్యాదు ఒకదానికొకటి అడ్డు రావు. చేను చూసి వెళ్లిన అధికారి నివేదిక ఇవ్వడానికి వెనుకాడినా మార్గం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల ప్రకారం సమాచార దరఖాస్తుకు గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 5 రూపాయలు కట్టి తెచ్చుకున్న ఆ నివేదిక నకలును ఖాళీ సంచితో, నీలి చీటీతో జతచేసి జిల్లా కమిషన్‌లో దాఖలు చేయవచ్చు. ఈలోగా చేను మళ్లీ దున్ని రెండవ పంట విత్తుకోవచ్చు.