ద్రౌపది కాపురము – నారదుని నియమము

పాలకీడు వంటి పల్లెలలో భారతకథ తెలియనివారు అరుదు. జూదమును, వస్త్రాపహరణమును, యుద్ధమును అందరును చెప్పగలరు. కాని ఐదుగురన్నదమ్ములు ఒక్క ఇల్లాలితో కలతలు లేక కాపురమెట్లు నడిపినారని పిల్లలడిగినచో పెద్దలు చిరునవ్వుతో మాట మార్చుదురు. నన్నయభట్టు 11వ శతాబ్దమున రాజమహేంద్రవరములో తెలిగించిన ఆదిపర్వమందే దానికి సమాధానమున్నది.

నారదుడు ఇంద్రప్రస్థమునకు వచ్చి సుందోపసుందుల కథ చెప్పినాడు. ఒకే కంచము, ఒకే మంచముగా పెరిగిన ఆ అన్నదమ్ములు తిలోత్తమ కొరకు ఒకరినొకరు చంపుకొన్నారు. అది విని పాండవులు, అన్నదమ్ముల ప్రేమయే చాలునని ఊరకుండక, నియమమేర్పరచుకొన్నారు. ద్రౌపది ఒక్కొక్క యేడు ఒక్కొక్కరి ఇంట నుండవలెనని తెలుగునాట ప్రసిద్ధి. ఆమె ఒకరితో ఏకాంతముననుండగా మరియొకరు చూచినచో వనవాసము శిక్ష. సంస్కృతమూలమున అది 12 ఏండ్లు.

ఒకనాడు దొంగలు ఒక బ్రాహ్మణుని ఆవులను తోలుకొనిపోయిరి. అర్జునుని ఆయుధములు ధర్మరాజు ద్రౌపదితోనున్న గృహముననున్నవి. అర్జునుడు లోపలికి పోయి విల్లు తెచ్చి ఆవులను విడిపించినాడు. అన్న ఇంటికి తమ్ముడు వచ్చుట తప్పు కాదని ధర్మరాజు వారించినను వినక వనవాసమునకు బయలుదేరినాడు. ఒక్కసారి సడలించిన కట్టుబాటు మరునాడు నిలువదని అతడెరుగును.

ఇది పురాణమునకే పరిమితము కాదు. హిమాచలప్రదేశమున సిరమౌరు జిల్లాలోని హట్టీ తెగవారిలో ఈ ఆచారమునకు ‘జోడీదారా’ అని పేరు. తాతల నాటి భూమి ముక్కలు కాకుండుట దాని ముఖ్యోద్దేశము. 2025 జూలైలో అక్కడ అన్నదమ్ములిద్దరు ఒక కన్యను బహిరంగముగా వివాహమాడి, ముగ్గురము సమ్మతించియే చేసుకొన్నామని చెప్పినారు. షెడ్యూల్డు తెగలకు 1955 నాటి హిందూ వివాహ చట్టము సాధారణముగా వర్తింపదు. మనబోటివారికి ఆ చట్టము ఒక్క భార్య, ఒక్క భర్త అని శాసించినది.

ఆ వధువు మాట లోకము వినినది. ద్రౌపది మాట ఎవరు వినిరి? కుంతి నోరుజారి పంచుకొనుడన్నది, ద్రుపదుడు శంకించినాడు, వ్యాసుడు సమర్థించినాడు. ఆమె నెవ్వరును అడుగలేదు. అర్జునుడు సుభద్రను తెచ్చిననాడు మాత్రము ఆమె కోపించినది. సుభద్ర గొల్లపడుచు వేషమున వచ్చి, నీ దాసిననగా, లేవనెత్తి కౌగిలించుకొన్నది.

తుదకు మహాప్రస్థానమున ఆమెయే ముందు కూలినది. అర్జునునిపై పక్షపాతమే కారణమని ధర్మరాజు తీర్పు చెప్పినాడు. నియమము దినములను పంచగలిగినది, మనస్సును పంచలేకపోయినది. ఆ లోటు ఐదుగురిది కాక ఆమె దోషముగా లెక్కకు వచ్చినది. కాపురమెట్టిదైనను, కట్టుబాటు వ్రాయునప్పుడు అందున్న ప్రతివారిని అడుగవలెనని ఈ కథ చెప్పుచున్నది.