భూమి వ్రాసికొన్న శాసనములు: ప్రాచీన భూకంపముల కాలనిర్ణయము

భూకంపములను గూర్చి మన పూర్వులు విచారింపకపోలేదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితయందు భూకంపలక్షణమున కొక యధ్యాయమును ప్రత్యేకించి, పూర్వాచార్యుల మతములను జెప్పి, కంపములను వాయ్వగ్నీంద్రవరుణ మండలములుగా విభజించెను. అందు ముఖ్యముగా విచారింపఁబడినది కంపముయొక్క ఫలము. ఒక ప్రదేశమున నిదివఱ కెన్ని కంపములు గలిగినవి, యెంత కాలమున కొకటి గలుగుచున్నది యనునది వేఱు ప్రశ్న. ఇది కాలనిర్ణయమునకు సంబంధించినది. శాసనములను, తాళపత్రములను పరిశీలించువారి కీ ప్రశ్న క్రొత్తది కాదు. సాధనములు మాత్రమే క్రొత్తవి.

ఒకప్పుడు కృష్ణామండలమునందలి మెట్టసీమయై, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలోఁ జేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములకు లిఖితచరిత్ర ప్రాచీనమైనదే. జగ్గయ్యపేట స్తూపశాసనము ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరము నాఁటిది. సిద్ధార్థుఁడను శిల్పి తూర్పుద్వారమున నైదు ఆయకస్తంభములను నిలిపిన వార్త యందుఁ గలదు. శాసనకర్తకు దానమును జెప్పుటయే ప్రయోజనము. భూమి కదలికను జెప్పుట గాదు. కాఁబట్టి వ్రాఁత లేదనుటచే కంపము లేదనరాదు. మఱియు దక్కనువంటి గట్టినేలలో నొక్కచోటనే రెండు పెద్దకంపములకు నడుమ వేలకొలఁది సంవత్సరములు గడవవచ్చును. అట్టి వ్యవధికి పదునెనిమిది శతాబ్దుల చరిత్రయుఁ జాలదు.

ఈ మాటకు కిల్లారియే నిదర్శనము. నాఁటి భూకంపపటమున మిక్కిలి నిరపాయమని గుర్తింపఁబడిన మొదటి మండలములో నా గ్రామముండెను. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱకముందే కలిగిన కంపమున నచటి సీమలో రమారమి పదివేలమంది మృతినొందిరి. మట్టితోఁ బేర్చిన బరువైన ఱాతిగోడలు నిద్రించువారిపైఁ గూలుట యిందులకు ముఖ్యకారణము. పిమ్మట నచటఁ ద్రవ్విన కందకములలో పూర్వచలనముల చిహ్నములు గానవచ్చినవి. 2002 నాఁటి పటమున మొదటి మండలమే తొలఁగింపఁబడెను.

ఇఁక కాలనిర్ణయ విధానమును జెప్పెదను. శిల చీలి, యొక ప్రక్క రెండవదానిని వీడి జాఱిన చోటునకు భ్రంశమని పేరు. జాఱుట, పడుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదగుటచే నీ పేరు తగియున్నది. భ్రంశమున కడ్డముగా కందకము త్రవ్వినచో గోడలయందు మట్టిపొరలు వరుసగాఁ గనఁబడును. చీలికచేఁ దెగిన పొర కంపమునకు ముందుది. తెగక పైని బఱచుకొన్న పొర తరువాతిది. ఈ రెండు పొరల వయస్సులును దెలిసినచో కంపము వాని నడిమికాలమున గలిగెనని సిద్ధించును. పొరలోని బొగ్గుతునుకలయందు రేడియో కర్బనము 5,730 యేండ్లకు సగమగును. మిగిలినదానిని గొలిచి వయస్సు నిర్ణయింతురు. బొగ్గు లేనిచోట నిసుకరేణువులు కడపటిసారి యెండ చూచిన కాలమును గణించు మార్గముఁ గలదు. జాఱిన కొలఁదినిబట్టి కంపబలమును నంచనా వేయుదురు.

భూమి వ్రాఁతయు, మనుజుని వ్రాఁతయు నేకీభవించిన చోట నిర్ణయము దృఢమగును. 1255లో గలిగిన భూకంపముచే అభయమల్లరాజు మరణించెనని నేపాళవంశావళి చెప్పుచున్నది. హిమాలయపాదమున ద్రవ్విన కందకములో 1255, 1934 సంవత్సరముల కంపములు రెండింటికిని సంబంధించిన చీలికలు గుర్తింపఁబడినట్లు 2013లో ప్రకటింపఁబడెను.

అయినను కంపములు పంచాంగములోని గ్రహణములవలె నియతకాలమున రావు. కాలిఫోర్నియాలోని పాలెట్ క్రీక్‌నొద్ద కెరీ సీ యను విద్వాంసుఁడు పరిశోధింపఁగా సగటువ్యవధి రమారమి నూటముప్పది యేండ్లని తేలినది. కాని కొన్ని కంపములు దగ్గఱ దగ్గఱగను, కొన్ని రెండుమూఁడువందల యేండ్ల యెడముతోను గలిగినవి. కాఁబట్టి కందకము రాఁబోవు దినమును జెప్పదు. అపాయము కలదా, యెంతటిది యను దానిని మాత్రమే చెప్పును.

2020 జనవరి 26వ తేదీ తెల్లవాఱకముందే పులిచింతల చేరువ 4.6 పరిమాణముగల కంపము గలిగి, జగ్గయ్యపేట నందిగామలవారిని నిద్రలేపెను. 2024 డిసెంబరు 4న ములుగు సీమలో 5.3 పరిమాణముగల కంపము గలిగెను. ఇట్టివి సామాన్యముగా నేలపై చీలికను విడువవు. పెద్దకంపమైనచో భ్రంశము పైకిఁ గనఁబడకున్నను నదీతీరములందు మఱియొక సాక్ష్యముండును. నీటితో నిండిన యిసుక కంపమునకు ద్రవమువలెనై, పైనున్న బంకమట్టిని జీల్చుకొని యెగఁజిమ్మును. ఆ చీలికలలోని యిసుక శతాబ్దులు నిలిచియుండును. కృష్ణ, మున్నేరు, పాలేరు గట్లయందు బావులు, కాలువలు త్రవ్వించువారు బంకమట్టిలో నిలువుగా దిగిన యిసుకచాఱలు గనఁబడినచో వానిని జెఱుపక, లోఁతును, చెంతనున్న కుండపెంకులను గుర్తించి పరిశోధకులకుఁ దెలుపవలెను. తామ్రపత్రమును కరఁగింపక దాఁచినవాని పుణ్యమెంతటిదో యిదియు నంతటిది.

ఈ పరిశోధన ఫలించుదాఁక గృహస్థులు వేచియుండనక్కఱలేదు. పునాది మట్టమునను, ద్వారబంధముల పైమట్టమునను గోడలచుట్టు నినుపకమ్ములతోఁ గాంక్రీటుపట్టీ వేయించుట, ఱాతిగోడలో గోడమందమంతయుఁ బట్టు ఱాళ్ల నక్కడక్కడ నిలుపుట కొలఁదివ్యయముతో నగుపని. కిల్లారిలో నిద్రించినవారిఁ జంపినది భూమి కాదు, గోడ. భూమిని మనము కట్టలేము. గోడను కట్టుకొనువారము మనమే.