వృద్ధ దంపతుల విడాకులు

వృద్ధ దంపతుల విడాకులు అనగా దశాబ్దాలపాటు కాపురం చేసిన భార్యాభర్తలు మలివయసులో చట్టబద్ధంగా విడిపోవడం. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌లలోనూ అమలులో ఉన్న హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం క్రూరత్వం, విడిచిపెట్టి ఉండటం వంటి కారణాలపై విడాకులు కోరవచ్చును. 1976 సవరణతో పరస్పర అంగీకారం కూడా చేరింది. వివాహబంధం కోలుకోలేనంతగా చెడిపోవడం మాత్రం ఈ చట్టంలో కారణం కాదు. ఆ పరిస్థితిలో రాజ్యాంగం 142వ అధికరణం క్రింద సుప్రీం కోర్టు మాత్రం తన విచక్షణతో విడాకులు ఇవ్వవచ్చునని 2023 మే నెలలో తీర్పు వెలువడింది.

అదే ఏడాది అక్టోబరులో 1963లో వివాహమైన ఒక జంట వ్యాజ్యం పరిష్కారమైంది. 1984లో భర్తకు మద్రాసు బదిలీ కాగా భార్య వెంట వెళ్ళలేదు. అప్పటినుండి విభేదాలు ముదిరాయి. తీర్పునాటికి ఆయనకు 89, ఆమెకు 82 ఏళ్ళు. విడాకులు పొందిన స్త్రీ అనే మచ్చతో మరణించడం తనకు ఇష్టం లేదని ఆమె తెలిపింది. న్యాయస్థానం ఆమె మనోభావాన్ని గౌరవించి, భర్త అప్పీలును కొట్టివేసింది.