బరువెత్తే ముందు ఒళ్లెందుకు వేడెక్కాలి?

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి ఊరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడకూ వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎంత బలవంతులైనా నేరుగా పెద్ద బరువు మీద చెయ్యి వెయ్యరు. ముందు ఒళ్లు వేడెక్కించుకుంటారు.

ఎందుకు?

ఊరికే కూర్చున్నప్పుడు కండరాలకు రక్తం తక్కువగా అందుతుంది. కాసేపు మెల్లగా పరుగెడితే గుండె వేగం పెరిగి, రక్తంతో పాటు ఆక్సిజన్ కూడా ఎక్కువగా చేరుతుంది. వేడెక్కిన కండరం చురుగ్గా ముడుచుకుంటుంది, తేలిగ్గా సాగుతుంది. నరాల్లో సంకేతాలు వేగంగా పరుగెడతాయి. కీళ్లలోని జిగురు ద్రవం పలచబడి కదలిక సులువవుతుంది.

ఎలా?

ఐదు నిమిషాలు మెల్లగా పరుగెత్తండి. భుజాలు, నడుము, మోకాళ్లు, చీలమండలు కదిలించండి. తర్వాత మీరు చేయబోయే లిఫ్ట్‌నే ఖాళీ బార్‌తో చేయాలి. పోటీల్లో వాడే బార్ బరువు మహిళలకు 15, పురుషులకు 20 కిలోలు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు తేలికపాటి కర్ర చాలు. ఆ తర్వాతే బార్‌కు బరువు బిళ్లలు ఒక్కొక్కటిగా పెంచాలి. కదలకుండా చాలాసేపు పట్టి ఉంచే సాగతీతలు బరువెత్తే ముందు వద్దు. అవి కాసేపు బలాన్ని తగ్గిస్తాయి. సాధన అయ్యాక చేయండి.

క్రికెట్‌కైనా, గోల్ఫ్‌కైనా ఇదే సూత్రం: ఆడబోయే కదలికనే ముందు మెల్లగా చేయండి, తర్వాత వేగం పెంచండి. నొప్పి అనిపిస్తే వెంటనే ఆపి కోచ్‌కు చెప్పండి.